కోచ్‌ను తీసెయ్యాలా? ముందు ప్రాక్టీసులు లెక్కపెడదాం



మొన్నటి ఆదివారం మ్యాచ్ అయిపోయినప్పటి నుంచి మన గ్రూపులో ఒకటే మాట నడుస్తోంది, కొత్త కోచ్‌ను తీసెయ్యాలని. వచ్చే మీటింగ్‌లో ఈ విషయం పెడతారని కూడా తెలిసింది. అందుకే మీటింగ్‌కు ముందే నా అభిప్రాయం రాస్తున్నాను. రాత కొంచెం పొడుగైంది. తీరిక చూసుకుని, చాయ్ తాగుతూ చదవండి.

విషయం తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. పద్మానగర్, కామత్‌ఘర్ పిల్లలతో మనం నడిపిస్తున్న ఫుట్‌బాల్ జట్టుకు ఐదు నెలల కింద కొత్త కోచ్ వచ్చాడు. పాత ఆట ఎట్లుండేదో మీకు తెలుసు. కీపర్ బలం కొద్దీ తంతే బంతి అవతలి సగంలో పడేది. మన పొడుగు కుర్రాడు తలతో ఆపేవాడు, మిగతా వాళ్ళు ఉరికేవాళ్ళు. గెలిచినా ఓడినా చూడ్డానికి జోరుగా ఉండేది. కొత్త కోచ్ అది ఆపించాడు. కీపర్ దగ్గర నుంచి బంతి నేల మీదే కదలాలి, పక్కవాడికి చిన్న పాస్ ఇవ్వాలి, దారి లేకపోతే వెనక్కి ఇవ్వాలి, ఊరికే తన్నెయ్యకూడదు అంటాడు. ఇప్పటిదాకా ఏడు మ్యాచ్‌లు జరిగితే ఒకటి గెలిచాం, రెండు డ్రా, నాలుగు ఓడాం. ఓడిన వాటిలో మన గోల్ ముందరే బంతి పోగొట్టుకుని అవతలి వాళ్ళకు చేతిలో పెట్టినట్టు ఇచ్చిన గోల్స్ కూడా ఉన్నాయి.

తీసెయ్యాలనే వాళ్ళ మాటల్లో న్యాయం లేదని నేను అనను. జెర్సీలకు, గ్రౌండ్ కిరాయికి, టెంపో కిరాయికి మన చందా డబ్బే పోతోంది. వరసగా ఓడితే పిల్లలు ఆటే మానేస్తారేమోనన్న భయం ఉంది. బయటి జట్ల వాళ్ళు నవ్వుతున్నారన్నది కూడా నిజమే. ఈ మూడు మాటలకూ జవాబు చెప్పకుండా "ఓపిక పట్టండి" అంటే అది ఉత్త ఉపదేశం అవుతుంది.

అసలు ఓపికను దేనితో కొలవాలి? మనం మ్యాచ్‌లతో కొలుస్తున్నాం. ఏడు మ్యాచ్‌లు చూశాం, ఇక చాలు అంటున్నాం. కొందరు నెలలతో కొలుస్తున్నారు. ఐదు నెలలు ఇచ్చాం కదా అంటున్నారు. నా ఉద్దేశంలో ఈ రెండు కొలతలూ పనికిరావు. కొత్త రకం ఆటను ప్రాక్టీసులతో కొలవాలి. ఆటగాడి కాలు, కన్ను మారేది ప్రాక్టీసులో. మ్యాచ్‌లో కనిపించేది దాని ఫలితం.

ఇందుకు మన హైదరాబాద్ సంగతే మొదటి సాక్ష్యం.

సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఇప్పటి పిల్లలకు సినిమా వల్ల తెలిసింది. 2024లో వచ్చిన 'మైదాన్'లో అజయ్ దేవగణ్ వేసింది ఆయన పాత్రే. 1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం సాబ్ వృత్తికి ఉపాధ్యాయుడు. 1943 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తయారు చేశారు. ఆ రోజుల్లో బంతి దొరికితే నలుగురిని తప్పించుకుంటూ ఒక్కడే పోవడాన్నే గొప్ప ఆట అనుకునేవారు. రహీం సాబ్ దానికి ఎదురు నడిచారు. చిన్న పాస్‌లు, బంతిని పట్టుకుని కూర్చోకుండా వెంటనే పక్కవాడికి ఇవ్వడం ఆయన పద్ధతి. డ్రిబ్లింగ్ చెయ్యకూడదు అనే షరతుతో పిల్లలకు పోటీలు పెట్టేవారు. బలం లేని కాలితోనే తన్నాలి అనే షరతుతో మరికొన్ని పెట్టేవారు. ఎడమ కాలితో మాత్రమే తన్నే పిల్లవాడి మ్యాచ్ చూస్తే ఎవరికైనా నవ్వు రావచ్చు. కానీ రెండు కాళ్ళూ పనికొచ్చే ఆటగాళ్ళు తయారైంది అట్లాంటి పోటీల్లోనే.

ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. అదెక్కడో కాదు, మన బొంబాయిలోనే, చర్చ్‌గేట్ స్టేషన్‌కు దగ్గరున్న కూపరేజ్ మైదానంలో. దేశంలోని పెద్ద జట్లన్నీ వచ్చే పోటీ అది. 1943కూ 1950కీ మధ్య ఏడేళ్ళున్నాయి. ఒకే జట్టు, ఒకే గురువు, రోజూ ప్రాక్టీసు. ఆ ఐదు కప్పుల వెనక ఉన్నది అది.

ఇక దేశం జట్టు సంగతి. రహీం సాబ్ చేతుల మీదుగా 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం వచ్చింది. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. పది గోల్స్! మన వాళ్ళలో కొందరు అప్పుడు బూట్లు లేకుండా ఆడారు. అప్పుడు వాట్సాప్ ఉండి ఉంటే ఆ రాత్రి గ్రూపులు ఎట్లుండేవో ఊహించుకోండి. అయినా 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు జట్టును తీసుకెళ్ళే పని ఆయన చేతికే వచ్చింది. అక్కడ ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో కొట్టాం. బొంబాయిలో ఆడే నెవిల్ డిసౌజా ఆ మ్యాచ్‌లో మూడు గోల్స్ వేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ దాకా పోయిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో ఎదురైంది మళ్ళీ ఆ యుగోస్లావియానే. ఈసారి ముందు గోల్ వేసింది మనం. చివరికి 4-1తో ఓడాం. స్కోరు మాత్రమే చూసేవాడికి రెండుసార్లూ ఓటమే. నాలుగేళ్ళలో పది గోల్స్ నాలుగు కావడం, ముందు మనమే గోల్ వెయ్యడం చూసిన వాడికి పని ఎటు పోతోందో తెలుస్తుంది.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఇంకా గట్టి పాఠం. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. రహీం సాబ్‌కు అప్పటికే క్యాన్సర్. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్ళీ ఆ కొరియానే వచ్చింది. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరిచే జనం. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరసలో ఆడించారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి వేసి 2-1తో గెలిచారు. డిఫెండర్‌ను తీసుకెళ్ళి ముందు నిలబెడితే ఆడగలిగాడంటే, ఆ జట్టులో ఎవడి పని ఏమిటో అందరికీ తెలుసని అర్థం. అది ఒక్క రోజులో నేర్పేది కాదు. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన పోయారు.

"అవి పాత కథలు, ఇప్పుడు ఎవరాగుతారు" అంటారా? సరే, మన కళ్ళ ముందరి కథే చూద్దాం.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో వచ్చింది. మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అందరికంటే కింద నిలిచింది. 2020 ఆగస్టు చివర్లో స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. బంతి మన దగ్గరే ఉండాలి, వెనక నుంచి కట్టుకుంటూ రావాలి, కుర్రాళ్ళకు అవకాశం ఇవ్వాలి అన్నది ఆయన పద్ధతి. ఆ ఏడాది 20 మ్యాచ్‌ల్లో గెలిచినవి ఆరు, ఓడినవి మూడు, డ్రా చేసినవి పదకొండు! సగానికంటే ఎక్కువ డ్రాలు. చివరి రోజు గోవాతో 0-0 డ్రా అయ్యి, ప్లేఆఫ్ చేతికందినట్టే అంది జారిపోయింది. "పాస్‌లే తప్ప గోల్స్ లేవు" అనడానికి కావలసినంత సరుకు దొరికిన సీజన్ అది.

క్లబ్ ఆయన్ను మార్చలేదు. మరుసటి సీజన్‌లో లీగ్‌లో రెండో స్థానం, ఓగ్బెచే ఒక్కడే 18 గోల్స్. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ఒక గోల్ ముందుంటే, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో కట్టిమణి అడ్డుగోడలా నిలబడ్డాడు. హైదరాబాద్ పేరుతో కప్పు వచ్చింది.

ఇందులో ఒక చిన్న సంగతి గమనించండి. ఆ పదకొండు డ్రాల సీజన్ మొత్తం కరోనా వల్ల గోవాలో ఖాళీ స్టేడియాల్లో జరిగింది. ఆకాశ్ మిశ్రా లాంటి కుర్రాళ్ళు గట్టు మీద నుంచి తిట్లు వినకుండా నేర్చుకున్నారు. తప్పు పాస్ ఇచ్చినప్పుడు చెవిలో పడింది కోచ్ గొంతు ఒక్కటే.

మన గ్రౌండ్‌లో ఎట్లుంది? కోచ్ ఒక వైపు నుంచి "నేల మీద ఆడు" అంటాడు. గీత అవతల నుంచి మన పెద్దలు పది మంది "లాంగ్ కొట్టరా! వెనక్కెందుకిస్తున్నవు, ముందుకు తన్నురా!" అంటారు. బంతి కాలి దగ్గరున్న పదిహేడేళ్ళ పిల్లవాడికి అర సెకను టైముంటుంది. ఆ అర సెకనులో వాడు కోచ్ మాట వినాలా, పెదనాన్న మాట వినాలా? అటూ ఇటూ కాకుండా తంతాడు, బంతి అవతలివాడికి పోతుంది. మన గోల్ ముందర పోయిన బంతుల్లో కొన్నిటికి కారణం కోచ్ పద్ధతి కాదు, మన గొంతు. అరిచే కాకలందరికీ పిల్లల మీద ప్రేమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ ప్రేమ ఆ తొంభై నిమిషాలు నోరు మూసుకుంటే మేలు.

ఇప్పుడు అసలు లెక్క. కోచ్ దగ్గర హాజరు రిజిస్టర్ ఉంది. అడిగి చూశాను. వారానికి రెండు చొప్పున ఐదు నెలల్లో నలభై ప్రాక్టీసులు జరగాలి. వానలు, పెళ్ళిళ్ళు, పండుగలు పోను జరిగినవి ఇరవై ఆరు. అందులో మ్యాచ్ ఆడే పదకొండు మందీ ఒకేసారి గ్రౌండ్ మీద ఉన్నవి తొమ్మిది. మిగతా రోజుల్లో ఎవడో ఒకడు డ్యూటీ మీద ఉన్నాడు. పన్నెండు గంటల షిఫ్ట్ దిగి వచ్చినవాడు కూడా ఉన్నాడు, వాడి కాళ్ళు ఎంత కదులుతాయో మనకు చెప్పాలా?

లీగ్‌లో ఆడే జట్టు వారానికి ఐదారు రోజులు ప్రాక్టీసు చేస్తుంది. దాని లెక్కలో ఇరవై ఆరు అంటే నెల రోజుల పని. తొమ్మిది అంటే పది రోజులు. మనం ఐదు నెలలు ఇచ్చామని అనుకుంటున్నది నిజానికి పది రోజులు. పాత ఆటకు ఇద్దరు చాలు, తన్నేవాడొకడు, ఎగిరేవాడొకడు. ఈ ఆటకు పదకొండు మంది కలిసి నేర్చుకోవాలి. ఒక్కడు లేకపోయినా ఆ మూల తెగుతుంది.

సాంచాల మీద పని చేసిన వాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. కొత్త భీము ఎక్కించి, కొత్త రకం గుడ్డ మొదలుపెట్టిన రోజు పోగులు తెగుతాయి, మొదటి మీటర్లు పాడవుతాయి. ఆ రోజు గుడ్డ చూసి ఏ సేటూ భీము దించెయ్యడు. రెండు రోజులు జాబర్‌ను పక్కన నిలబెట్టి సరి చేయిస్తాడు. అదే సమయంలో, నెల తరువాత కూడా అదే చోట పోగు తెగుతుంటే ఊరుకోడు కూడా. ఓపిక అంటే ఈ రెండూ.

అందుకే గుడ్డి ఓపిక పట్టమని నేను అడగడం లేదు. పైన చెప్పిన మనోలో మార్కెజ్‌నే 2024లో భారత జట్టుకు కోచ్‌గా పెట్టారు. ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒకటే గెలుపు. 2025 జులైలో వెళ్ళిపోయాడు. మనిషి అదే, బుర్ర అదే. కానీ దేశం జట్టు ఆటగాళ్ళు మ్యాచ్‌కు ముందు కొద్ది రోజులే కలుస్తారు. హైదరాబాద్‌లో దొరికినట్టు రోజూ మైదానంలో అదే కుర్రాళ్ళు దొరకలేదు. మన పిల్లలు రాత్రి డ్యూటీలో ఫోన్లో చూసే మాంచెస్టర్ యునైటెడ్‌దీ అలాంటి కథే. 2024 నవంబర్‌లో సీజన్ మధ్యలో అమోరిమ్ కొత్త పద్ధతితో వచ్చాడు. మూడు నాలుగు రోజులకో మ్యాచ్, నేర్పడానికి టైము లేదు. ఆ సీజన్ 15వ స్థానంతో ముగిసింది. అంటే ప్రాక్టీసు లేని చోట మంచి పద్ధతి కూడా పని చెయ్యదు.

ఇక్కడ మీరు నన్ను గట్టిగానే పట్టుకోవచ్చు. "అయితే మన పిల్లలకూ టైము లేదు కదా, మనకెందుకీ ఆట? పాత ఆటే ఆడించొచ్చు కదా?" న్యాయమైన ప్రశ్నే. నా జవాబు రెండు ముక్కలు.

ఒకటి, పాత ఆట ఒక్క పొడుగు కుర్రాడి మీద నిలబడింది. వాడు రేపు సూరత్‌కో సిరిసిల్లకో పోతే ఆట కూడా వాడితో పోతుంది. మిగతా పది మంది ఏం నేర్చుకున్నట్టు? నేల మీద ఆడే ఆట పొట్టివాడికీ సన్నవాడికీ చోటిస్తుంది, మన పిల్లల్లో ఎక్కువ మంది అట్లాంటి వాళ్ళే. రేపు ముంబైలో ఏ క్లబ్ ట్రయల్స్‌కు పోయినా పాస్ ఇవ్వడం తెలిసినవాడినే చూస్తారు.

రెండు, టైము లేకపోవడం దేవుడు పెట్టిన షరతు కాదు. ఆ పిల్లల్లో చాలామంది పని చేసేది మన సమాజం వాళ్ళ కార్ఖానాల్లోనే. కోచ్‌ను తీసెయ్యాలని మెసేజ్ పెట్టిన వాళ్ళలో కొందరి దగ్గర కూడా మన ఆటగాళ్ళున్నారు. వారంలో రెండు రోజులు ఆ పిల్లలకు ఒకే షిఫ్ట్ వచ్చేటట్టు చూస్తే, పగార్ కోయకుండా రెండు గంటలు ముందు వదిలితే, తొమ్మిది కాస్తా మూడు నెలల్లో ముప్పై అవుతుంది. ఈ పని కోచ్ చెయ్యలేడు, మనమే చెయ్యాలి.

ఈ మాట ఎందుకు గట్టిగా అంటున్నానంటే, మార్కెజ్ వెళ్ళిపోయాక హైదరాబాద్ ఎఫ్‌సీకి ఏమైందో చూశాం. 2023-24 సీజన్‌లో జీతాల బకాయిల గొడవతో పేరున్న ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళతో 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచారు. ఏ కోచ్ ఉన్నా ఏం చేస్తాడు? 2025లో ఆ జట్టు ఢిల్లీకే వెళ్ళిపోయింది. నడిపించే వాళ్ళు తమ వంతు చెయ్యకపోతే అభిమానుల ఓపిక ఎంతున్నా వృథా. మన జట్టును నడిపించే వాళ్ళం మనమే.

కాబట్టి మీటింగ్ ముందు నా ప్రతిపాదన ఇది.

జట్టు మొత్తం కలిసి చేసే ప్రాక్టీసులు ముప్పై పూర్తయ్యేదాకా కోచ్‌ను మార్చే మాట ఎత్తకూడదు. ఆ ముప్పై జరిగేటట్టు చూసే బాధ్యత కార్ఖానాలున్న సభ్యులది.

ఆ లోపు గెలుపోటములు కాకుండా మూడు సంగతులు చూద్దాం. మన సగంలో బంతి పోగొట్టుకోవడం తగ్గుతోందా? ఓడిన మరుసటి ప్రాక్టీసుకు పిల్లలు వస్తున్నారా? బెంచ్ మీది పిల్లలకు ఆట దొరుకుతోందా? రెండోది అన్నిటికంటే ముఖ్యం. ఇప్పటిదాకా నాలుగు ఓటముల తరువాత కూడా పిల్లలు మానలేదని రిజిస్టర్ చెప్తోంది. పిల్లలు ఆట మానేస్తారని భయపడే వాళ్ళు ఇది గమనించాలి.

కోచ్ కూడా ఒక పని చెయ్యాలి. నెలకొకసారి పెద్దలతో కూర్చుని, ఏం నేర్పుతున్నాడో, ఎక్కడ ఆగిందో మన భాషలో చెప్పాలి. చందా ఇచ్చే వాళ్ళకు అడిగే హక్కుంది. చెప్పకుండా "నన్ను నమ్మండి" అంటే కుదరదు.

మ్యాచ్ జరిగేటప్పుడు గీత అవతల నుంచి చప్పట్లు తప్ప సలహాలు వద్దు.

ముప్పై పూర్తయ్యాక కూడా అదే చోట అదే తప్పు జరుగుతుంటే, పిల్లలు రావడం తగ్గితే, అప్పుడు మార్చుదామని ముందు చెయ్యెత్తేది నేనే.

బయటి వాళ్ళ నవ్వు గురించి ఒక్క మాట. పది గోల్స్ తిన్న జట్టు పదేళ్ళలో జకార్తాలో బంగారం తెచ్చింది. మనం నాలుగు మ్యాచ్‌లు ఓడాం, అంతే. నవ్వనివ్వండి.

ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కింద రాయండి, జవాబిస్తాను. కోచ్ తమ్ముడి ఫోన్‌కు మాత్రం నేరుగా మెసేజ్‌లు పెట్టకండి. అతనికి మొన్న రాత్రి వచ్చినవి చాలు. మీటింగ్‌లో చెయ్యెత్తే ముందు ఆ హాజరు రిజిస్టర్ తెప్పించుకుని, తొమ్మిది అని ఉన్న పేజీ ఒకసారి చూడండి.

మీలో ఒక సభ్యుడు, పద్మానగర్, భివండి